తల్లి పేరు లేని మొక్కలు

కైకలూరు వైపు రొయ్యల చెరువు వేసే ఏ రైతునైనా సీడ్ ఎక్కడిదని అడగండి. హేచరీ పేరు చెబుతాడు, తల్లి రొయ్యలు ఏ కంపెనీవో చెబుతాడు. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చినప్పటి నుంచి విదేశాల తల్లి రొయ్యలు చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఆగి, పరీక్షలు దాటాకే హేచరీలకు చేరుతున్నాయి. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల వరి రైతుకైతే రకం పేరు కూడా అక్కర్లేదు, నంబరు చాలు. మార్టేరులో పుట్టిన 7029 అంటే స్వర్ణ, 1010 అంటే కాటన్ దొర సన్నాలు. కడియం వెళ్లి మామిడి అంటు కొనేవాడు బంగినపల్లా, కొత్తపల్లి కొబ్బరా అని అడగకుండా చెయ్యి జేబులో పెట్టడు.

ఈ జిల్లాల్లోనే తొలకరి పడగానే లారీల్లో కానుగ మొక్కలు దిగుతాయి. అందులో ఒక కవరు చేతిలోకి తీసుకుని, దీని తల్లి చెట్టు ఎక్కడుందని అడగండి. దింపినవాడికి తెలియదు. నాటించే అధికారికి తెలియదు. పెంచిన నర్సరీకీ చాలాసార్లు తెలియదు. కానుగ మొక్క కానుగ మొక్కే, ఇంకేం కావాలన్నట్టు చూస్తారు.

నాలుగు నెలల్లో కోసేసే పంటకు పుట్టుక అడుగుతున్నాం. యాభై ఏళ్లు నిలబడాల్సిన చెట్టుకు అడగడం లేదు. ఇది తప్పు. చిన్న తప్పు కాదు. ఈ తప్పు మీదే మన మొక్కల ఉద్యమాలన్నీ నిలబడి ఉన్నాయి.

1950లో కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టినప్పటి నుంచి మనకు తెలిసిన లెక్క ఒక్కటే: ఎన్ని నాటాం. 2015లో తెలంగాణ హరితహారం మొదలైనప్పుడు లక్ష్యం 230 కోట్ల మొక్కలు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారింది, కోట్ల లెక్క మాత్రం మారలేదు. ఎన్ని బతికాయని అడిగేవాళ్లు ఈ మధ్య కొంత పెరిగారు, సంతోషం. ఎన్ని తల్లి చెట్ల నుంచి గింజలు తెచ్చారని మాత్రం ఇంతవరకు ఏ సమీక్ష సమావేశంలోనూ ఎవరూ అడగగా నేను వినలేదు.

కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు గొడవ చూశాం. ఊరూరా డివైడర్ల మీద నాటారు, తర్వాత వద్దన్నారు, పీకుతున్నారు. ఆ గొడవతో ఏ జాతి చెట్టు నాటాలన్న స్పృహ వచ్చింది. స్థానిక జాతులు నాటండి అంటున్నారు. మంచిదే, కానీ చర్చ అక్కడే ఆగిపోయింది. జాతి స్థానికమైతే సరిపోదు. ఒకే జాతిలోనూ ఒక చెట్టుకూ ఇంకో చెట్టుకూ మధ్య ఉండే తేడా కొన్నిసార్లు బతుక్కీ చావుకూ మధ్య తేడా అవుతుంది.

నల్లతుమ్మనే చూడండి. కొల్లేరు సరస్సు గట్ల మీద మనకు తెలిసిన చెట్టే. ఈ జాతి ఆఫ్రికా నుంచి మన దాకా పరుచుకుని ఉంది, అందులో ఎన్నో ఉపజాతులు. సూడాన్‌లో నీలి నైలు ఒడ్డున పెరిగే ఉపజాతి వరద నీటిలో నెలల తరబడి మొదలు మునిగి నిలబడుతుంది. దాని దాయాది ఒకటి మెరక మీద, ఎండు నేలల్లో బతుకుతుంది, వరద దానికి పడదు. పేరు ఒక్కటే, రూపం దాదాపు ఒక్కటే. నారుమడిలో పక్కపక్కన పెడితే మామూలు కంటికి రెండూ తుమ్మ మొక్కలే. మన దగ్గర ఉన్నది వేరే ఉపజాతి అయినా పాఠం అదే. కొల్లేటి గట్టు మీద నాటాల్సిన తుమ్మకు గింజ ఎక్కణ్నుంచి రావాలి? ఏళ్ల తరబడి ఆ నీటిని, ఉప్పుటేరు గుండా ఎగదన్నే ఆ ఉప్పును ఓర్చుకుని కాయ కాసిన చెట్టు నుంచే. రాయలసీమ మెరక మీద రాలిన గింజ చవగ్గా దొరికిందని తెచ్చి పోసి, మొక్క చచ్చిపోతే పశువులు తిన్నాయని రాసుకుంటే ఎలా?

ఇప్పుడు కానుగ సంగతి వివరంగా చెబుతాను, ఈ నేలకు కానుగ కంటే దగ్గరి చెట్టు తక్కువ. ఉప్పు ఓర్చుకుంటుంది, కొంతకాలం నీటి నిలువ ఓర్చుకుంటుంది, వేరు బుడిపెలతో గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. డెల్టా రైతు తరతరాలుగా దమ్ములో తొక్కిన పచ్చిరొట్ట ఈ చెట్టుదే. గింజలో నూనె ఉంటుంది. అన్ని చెట్లలో ఒకేలా ఉండదు. ఒక చెట్టు గింజలో బరువులో 30 శాతానికి లోపే నూనె ఉంటే, ఇంకో చెట్టు గింజలో 40 దగ్గర ఉంటుంది. కాపులోనూ అంతే. ఒకటి ఏటా విరగకాస్తుంది, పక్కనే ఉన్నది నాలుగు కాయలు చూపించి ఊరుకుంటుంది.

ఈ తేడా నారుమడిలోనే కనబడడం మొదలవుతుంది, మోసం కూడా అక్కడే మొదలవుతుంది. కానుగ గింజ వేసిన రెండు వారాలకు మొలక వస్తుంది. పప్పుబద్దలు మట్టిలోనే ఉండి మొదటి వారాల్లో మొక్కకు తిండి పెడతాయి. అందుకని లావు గింజ నుంచి వచ్చిన మొక్క ముందు ఎత్తు సాగుతుంది. ఆ ఎత్తులో కొంత తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట, కొంత జన్యువుల సత్తా. సద్ది అయిపోయాక వెనకబడ్డ మొక్క ముందుకు రావచ్చు, ముందున్నది ఆగిపోవచ్చు. ఏది ఎంతో తేలాలంటే ఒక్కో తల్లి గింజల్ని విడివిడిగా మడి కట్టి వేయాలి. ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే నీడ ఇచ్చి ఎత్తు కొలవాలి, మొదలు లావు కొలవాలి, వేరు చూడాలి. తర్వాత అవే మొక్కల్ని పొలంలో పెట్టి ఏళ్ల తరబడి కొలుస్తూ పోవాలి. ఒకే తల్లి పిల్లల మధ్య తేడా ఎంత, తల్లికీ తల్లికీ మధ్య తేడా ఎంత అని అప్పుడు లెక్క కట్టొచ్చు. ఏ తల్లి గింజను నమ్మాలో అప్పుడు తెలుస్తుంది. సంతాన పరీక్ష అంటే ఇదే. ఇందులో అంతుపట్టని విద్య ఏమీ లేదు, ఓపిక కావాలి, పుస్తకంలో రాసిపెట్టడం కావాలి.

మనం చేసేదేమిటి? నారుమడిలో ఎత్తుగా కనబడ్డ మొక్కకు బిల్లు చేస్తాం. టెండరులో అడిగేది అడుగుల్లో ఎత్తు. నిండా నీళ్లు, గుప్పెడు యూరియా ఇస్తే ఏ మొక్కైనా ఎత్తు సాగుతుంది. పాలిథిన్ కవరులో వేరు చుట్టలు చుట్టుకుని పీక బిగించుకుంటున్నా పైకి నిటారుగానే కనిపిస్తుంది. ఎత్తు చూసి మొక్క కొనడమంటే మేకప్ చూసి మనిషిని అంచనా వేయడమే.

ఇంక గింజలు ఏరేవాళ్ల సంగతి. కూలి గిట్టాలంటే వాళ్లు ఏ చెట్టు దగ్గరికి వెళతారు? రోడ్డు పక్కన ఉన్నది, పొట్టిగా ఉన్నది, కొమ్మలు నేలకు వంగినది, చేతికందేలా విరగకాసినది. తప్పు వాళ్లది కాదు, కిలో లెక్కన డబ్బిచ్చేవాడిది. ఒక్క చెట్టు కింద బస్తా నిండితే వంద చెట్లు ఎందుకు తిరుగుతారు? అలా ఒక మండలానికంతటికీ ఒకే చెట్టు పిల్లలు వెళతాయి. చుట్టూ మరో కానుగ లేని ఒంటి చెట్టైతే ఆ గింజల్లో చాలా భాగం సొంత పుప్పొడితో కట్టినవి కావచ్చు. అలాంటి పిల్లల్లో బలహీనమైనవి ఎక్కువ. బతికి పెద్దవైనవి రోడ్డుకు రెండు వైపులా తోబుట్టువులుగా నిలబడి, వాటి మధ్యే పుప్పొడి మారుతుంది. రేపు ఆ వరస కింద ఏరిన గింజల్ని ఇంకో మండలానికి పంపుతాం.

టేకు విషయంలో ఈ దుర్మార్గం ఇంకా లోతుగా ఉంది. టేకు చెట్టు కొనమొగ్గ పూతగా మారితే కాండం అక్కడితో చీలిపోతుంది. తొందరగా పూసిన చెట్టు తక్కువ ఎత్తులోనే పంగలు పడుతుంది, దూలానికి పనికొచ్చే నిటారు కాండం పొట్టిదైపోతుంది. ఆలస్యంగా పూసేదే పొడవాటి మాను. కాని చిన్న వయసులోనే తొందరగా, ఎక్కువగా కాయలు రాల్చేది పంగల చెట్టు. గింజ ఏరేవాడికి దొరికేది దాని సంతానమే. పైగా గోదావరి లోయ టేకు నారలోని వంపుల అందానికి పేరు మోసి, ఎక్కువ ధర పలికిన టేకు. తరతరాలుగా ఆ అడవుల్లో నిటారుగా, లావుగా ఉన్న చెట్లనే ఎంచి కొట్టాం. వంకరవాటిని వదిలేశాం. ఇప్పుడు ఆ మిగిలినవాటినే తల్లుల్ని చేసి, తొందరగా కాసినవాటి గింజలు ఏరి స్టంపులు పెంచి, టేకు ఎందుకు ఎదగడం లేదని నేలను తిడుతున్నాం.

కంటికి కనబడని తేడా ఎంత ఖరీదైందో పెదవేగిని అడిగితే చెబుతుంది. భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ ఉన్న ఊరు అది. రైతు నాటేది టెనెరా. మందపాటి పెంకు ఉన్న డ్యూరా తల్లికి, పెంకు లేని పిసిఫెరా పుప్పొడి వేస్తే పుట్టే సంకరం. ఆ తోటలో రాలిన గింజనే మళ్లీ నాటుకుంటే ఏమవుతుంది? నాలుగింట ఒక వంతు డ్యూరా, నాలుగింట ఒక వంతు పిసిఫెరా పుడతాయి. పిసిఫెరాల్లో చాలావాటి గెలలు నిలవవు. మిగిలిన సగమే టెనెరా. ఈ లెక్కను 1941లోనే బెల్జియన్ కాంగోలో బెర్నార్ట్, వాండర్‌వేయెన్ తేల్చారు. నర్సరీలో ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే పెంకు సంగతి మొక్క మొహం చూసి ఎవరూ చెప్పలేరు. గెల వేశాకే బయటపడుతుంది, అప్పటికి రైతు మూడు నాలుగేళ్లు నీళ్లు పోసి ఉంటాడు. అందుకే ఆయిల్ పామ్‌లో మొక్క పుట్టుక కోసం రైతు కొట్లాడతాడు. ఆ రైతే గట్టు మీద నాటుకునే వేపకు, టేకుకు నోరు మెదపడు. అది ఊరికే ఇచ్చిన మొక్క కదా!

పుట్టుక తెలిస్తే చాలదు, అదీ చెప్పాలి. చింతలపూడి మెట్టలో జామాయిల్ (యూకలిప్టస్) రైతుకు పుట్టుక తెలుసు. 1989లో భద్రాచలం పేపరు మిల్లు వాళ్లు క్లోన్ల పని మొదలుపెట్టాక గింజ మొక్కల కంటే రెండు మూడు రెట్లు కర్ర వచ్చింది. అది గొప్ప పనే, నేను కాదనను. అంతకుముందు మనం పెంచిన మైసూరు గమ్ము కథ తెలిస్తే ఆ గొప్పతనం ఇంకా అర్థమవుతుంది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ కాలంలో నంది కొండల మీద నాటిన యూకలిప్టస్‌లలో కొన్ని చెట్ల సంతానం దక్షిణ భారతమంతా పరుచుకుంది. ఇన్ని లక్షల ఎకరాలకు తల్లులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. క్లోన్లు ఆ దరిద్రం నుంచి బయటపడేశాయి, ఇంకో ఇరుకులో పెట్టాయి. ఒక క్లోను తోటంటే కొన్ని వేల చెట్లు కావు, వేల చోట్ల నిలబడ్డ ఒకే చెట్టు. ఈ శతాబ్దం మొదట్లో లెప్టోసైబ్ అనే గడ్డల పురుగు దక్షిణ భారత నర్సరీల్లోకి దిగింది. ఆకుల ఈనెల మీద, కాడల మీద, లేత కొమ్మల మీద బొడిపెలు కట్టి నారు ఎదుగుదలనే ఆపేసింది. కొన్ని క్లోన్లు నిలువునా కుంగిపోయాయి, కొన్ని తట్టుకున్నాయి. ఇజ్రాయెల్ నుంచి తెచ్చిన పరాన్నజీవి కందిరీగ తర్వాత కొంత ఆదుకుంది. అసలు రక్షణ మాత్రం తట్టుకున్న ఆ కొన్ని క్లోన్లలో ఉంది. అవి లేకపోయుంటే? తట్టుకునే జన్యువు ఏ చెట్టులో ఉందో పురుగు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. అందుకే రకరకాల తల్లులు కావాలి. ఎవరి పిల్లో తెలియని మొక్క ఎంత తప్పో, అన్నీ ఒక్క తల్లి పిల్లలే కావడమూ అంతే తప్పు.

రోడ్డు పక్క నీడ చెట్టుకు వంశవృక్షం ఎందుకయ్యా అంటారు. ముందు బతకనివ్వండి, తర్వాత చూద్దాం అంటారు. ఫ్రాన్స్‌లో కూడా అలాగే అనుకున్నారు. లాండ్ ప్రాంతంలో 1940ల్లో అగ్నిప్రమాదాలకు పైన్ అడవులు తగలబడిపోతే తొందరగా నాటాలన్న ఆత్రంలో పోర్చుగల్ వైపు నుంచి గింజ తెప్పించారు. జాతి అదే. మొక్కలు లేచాయి, చెట్లయ్యాయి, అందరూ సంతోషించారు. 1985 జనవరిలో గడ్డకట్టే చలి వచ్చింది. దాదాపు 30,000 హెక్టార్ల పైన్ తోటలు చచ్చిపోయాయి. స్థానిక గింజతో పెరిగిన చెట్లు ఆ చలిని తట్టుకుని నిలబడ్డాయి. దాదాపు నాలుగు దశాబ్దాలు బతికి చూపించిన చెట్టు కూడా తప్పుడు పుట్టుక వల్ల ఒక్క నెలలో పోయింది. మనకు చలి రాదు, నిజమే. తుపాను వస్తుంది, ఉప్పు వస్తుంది, మే నెల ఎండ ఏటా ముదురుతోంది. తొలి రెండేళ్లు బతికిందని రిజిస్టరులో టిక్కు పెట్టుకుంటే సరిపోదు.

యూరప్ ఆ దెబ్బలు తిని చట్టం తెచ్చుకుంది. 1999 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం అక్కడ అమ్మే అటవీ గింజకు, మొక్కకు పుట్టుక చెప్పాలి, అది కేవలం చోటు తెలిసిన గింజా, ఎంపిక చేసినదా, పరీక్షించినదా అన్నది చీటీ మీద ఉండాలి. మన 1966 విత్తన చట్టం తీసి చదవండి. ఆహార పంటలు, నూనె గింజలు, పళ్లు, కూరగాయలు, పత్తి, పశుగ్రాసం, జనపనార ఉన్నాయి. అడవి చెట్టు లేదు. ప్రభుత్వం కోట్ల రూపాయల మొక్కలు కొంటుంది, నాసి గింజతో పెంచిన మొక్క అమ్మినవాణ్ని ఆ చట్టం కింద నిలదీయడానికి దారి లేదు.

ఈ నిర్లక్ష్యానికి మనం ఒకసారి బాహాటంగా మూల్యం చెల్లించాం. 2003లో ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ అనే గిరిజన గూడెం కానుగ నూనె వల్ల ఆదా అయ్యే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మి వార్తల్లోకెక్కింది. ఆ ఉత్సాహంలో అప్పటి ఉమ్మడి రాష్ట్రం బయోడీజిల్ కోసం కానుగ వైపు మళ్లింది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. 2018 విధానం ఆ అంకెను 5 శాతానికి దించి, గడువును 2030కి జరిపింది. ధరలు, భూములు, కొనుగోళ్లు, కారణాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక కారణం మాత్రం మన చేతిలో ఉండింది. ఏ చెట్టు ఎంత నూనె ఇస్తుందో తేల్చకుండానే దొరికిన గింజనల్లా కవర్లలో పోశాం. ఏళ్లు గడిచాక కాయని చెట్టును చూసి రైతు ఆశ వదులుకుంటే రైతునే అన్నాం.

కొల్లేటి సంగతి చెప్పకుండా ముగించలేను. తాడేపల్లిగూడెం దగ్గర ఆరేడు అనే ఊళ్లో గూడబాతులు గూళ్లు కట్టుకునే చెట్ల గురించి కె.కె. నీలకంఠన్ 1949లో శాస్త్ర పత్రికలో రాశాడు. ఊరి మధ్య చెట్ల మీద, మనుషుల తలల పైన ఆ పక్షులు పిల్లల్ని పెంచేవి. 1970ల నాటికి ఆ కాలనీలు లేకుండా పోయాయి. ఇప్పుడు కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటున్నాయి. అటవీశాఖ ఆ స్టాండ్లు వేసి పక్షుల్ని నిలుపుకుంది, అందుకు దండం పెడతాను. కాని రామ్‌సార్ ఒప్పందం కింద 2002లో ప్రపంచం గుర్తించిన సరస్సులో పక్షికి కొమ్మ లేకపోవడం నాకు నిద్ర పట్టనివ్వదు. ఆ నీటిలో నిలబడగల తుమ్మ, కానుగ, మద్ది ఎక్కడున్నాయి? ఆ ఉప్పులో, ఆ బురదలో ఇంకా బతికున్న ముసలి చెట్లు గట్ల మీద, గుడి వెనక, కాలవ ఒడ్డున అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నాయి. ఆ నేల ఎన్నో ఏళ్లు పరీక్ష పెట్టి పాస్ చేసిన తల్లులు అవి. చెరువు గట్టు వెడల్పు చేయడానికి జేసీబీ వస్తే మొదట పోయేవీ అవే. ఒక్కొక్కటి పోయినప్పుడు దానితో పోయే జన్యువుల్ని మళ్లీ ఏ నర్సరీలోనూ కొనలేం.

కాబట్టి అడుగుతున్నాను, ఏలూరు, పశ్చిమ గోదావరి కలెక్టర్లను, అటవీ అధికారులను పేరు పెట్టి అడిగినట్టే అడుగుతున్నాను. ప్రభుత్వ డబ్బుతో కొనే ప్రతి మొక్కల బ్యాచ్‌కు ఒక చీటీ ఉండాలి: గింజ ఏ ఊరిది, ఎన్ని తల్లి చెట్లది, ఏ నెలలో ఏరింది. ఒక్కో జాతికి కనీసం పాతిక ముప్పై తల్లులు, ఒకదానికొకటి వంద మీటర్ల దూరంలో ఉన్నవి. ఫోనులో జీపీఎస్ ఉన్న ఏ వాచర్ అయినా ఈ పని చేయగలడు. అవసరమైతే దూలపల్లిలోని అటవీ జీవవైవిధ్య సంస్థ సాయం తీసుకోండి. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, భూమి ఉంది, కొలవడం తెలిసిన పిల్లలున్నారు. కొల్లేటి కానుగలకు, తుమ్మలకు అక్కడ ఒక సంతాన పరీక్ష పెట్టండి. పాపికొండల్లో కోయలకు, కొండరెడ్లకు ఏ చెట్టు ఎలాంటిదో మనకంటే బాగా తెలుసు. చింతపండు, కరక్కాయ కొంటున్న గిరిజన సహకార సంస్థ వాళ్ల దగ్గర తల్లి పేరున్న గింజను రెట్టింపు ధరకు కొనాలి. అప్పుడు పంగల చెట్టు కింద బస్తా నింపాల్సిన ఖర్మ వాళ్లకు ఉండదు.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే తొందరైనది. కానుగ కాయ ముదిరేది వేసవిలో. గింజ ఎక్కువ కాలం నిలవ ఉండదు, నెలలు గడిచేకొద్దీ మొలక శక్తి పడిపోతుంది. జూన్‌లో మొక్కలు కావాలని ఉత్తర్వు ఇస్తే కాంట్రాక్టరు ఎక్కడో మిగిలిన మొక్కలే తెచ్చి దింపుతాడు. వచ్చే వనమహోత్సవం మొక్కలకు ఉత్తర్వు అంతకుముందు జనవరిలోనే రావాలి, గింజలు ఏరే చెట్ల జాబితాతో సహా.